అవును, కాదు

ఆ రాత్రి 'అవును' నొక్కిన వేలు నాదే.

వాల్దీవియాలో ఏడాదంతా ఒకటే వాన,
నడుమ కాస్త ఊపిరి పీల్చుకుంటుంది, అంతే.
నీటిమట్టాల ఆఫీసులో నాది రాత్రి డ్యూటీ.
పావుగంటకోసారి నది తన ఎత్తు తనే చెప్పుకునేది,
తెరమీద పచ్చగీత ఒకటి కాస్త లేచేది, కాస్త వాలేది.
నిద్ర ఆపుకోడానికి చదరంగం ఆట ఎక్కించాను,
పత్రికతో ఊరికే వచ్చిన సీడీలోంచి.

సగంలో ఆగి అడిగింది:
"ఇక్కడున్న ఫైలు నేను తెచ్చినదానికంటే కొత్తది.
వేరేవాళ్ళూ దీన్ని వాడుకుంటున్నారు. అయినా మార్చనా?"
ఇంత మర్యాదగా అడిగి దోచుకునే దొంగను
నేనెక్కడా చూడలేదు.
అసలు చదివితే కదా.
అవును. అవును. అన్నిటికీ అవును.

కొత్తనీరొచ్చి పాతనీటిని కొట్టేస్తుందంటారే,
ఆ రాత్రి పాతనీరొచ్చి కొత్తదాన్ని కొట్టేసింది.
పచ్చగీత మాయం.
బయట నది మాత్రం పెరుగుతూనే ఉంది,
ఎవరికీ చెప్పకుండా.

పడవల రేవులో ముసలి బెలిసారియోకి ఫోన్ చేశాను.
టార్చిలైటుతో మెట్లు దిగి, కొలబద్ద మీది నాచు తుడిచి
అరగంటకోసారి అంకె అరిచేవాడు.
"రెండూ పది!"
"రెండూ పద్దెనిమిది!"
సీడీ అట్ట వెనకే రాసుకున్నాను.
నాలుగింటికి అతని గొంతు పోయింది,
దగ్గులోంచి అంకెలు ఏరుకున్నాను.

తెల్లారి ఎలియానా వెంచుమిల్ వచ్చింది,
బూట్లు నీళ్ళు కక్కుతుంటే.
తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది.
బీరువా మీంచి టీ డబ్బా దింపింది.
గుడ్డలో చుట్టిన నాలుగు ఫ్లాపీలు,
ఒక లెక్కల పుస్తకం:
ఫైలు పేరు, తేదీ, ఎంత పెద్దది,
అన్నీ పెన్సిల్‌తో, కిరాణా పద్దులా.
"కొత్తవాణ్ణి లోపలికి రానిచ్చేముందు
ఉన్నవాళ్ళ పేర్లు రాసిపెట్టుకోవాలబ్బాయ్."

ఏడున్నరకి గీత తిరిగొచ్చింది.
అదెక్కడ నిలబడిందో చూసి ఇద్దరం మాట్లాడలేదు.
ఆవిడ ఫోనందుకుంది,
దిగువ వీధిలో ఒక్కొక్క ఇంటికీ.

ఇప్పుడా డబ్బా నా బల్ల మీద.
మూత తుప్పుపట్టింది, టీ వాసన ఇంకా పోలేదు.
పెదాలు కదుపుతూ ప్రతి ప్రశ్నా చదువుతానని
కుర్రాళ్ళు వెనకనుంచి నవ్వుకుంటారు.
'కాదు' నొక్కినప్పుడల్లా
ఎవరో మెట్లెక్కుతూ దగ్గినట్టుంటుంది.

ఆ చదరంగం ఇప్పటికీ ఆడలేదు.