నాలుగు నిమిషాల రేవు

మా ఆఫీసులో పాత కాఫీ మిషను
కప్పు నింపడానికి రెండు నిమిషాలు తీసుకునేది.
గురగురలాడేది, దగ్గేది, ఒక్కోసారి అలిగేది.
ఆ రెండు నిమిషాల్లోనే నాకు తెలిసింది
టెస్టింగ్ రిమ్‌విదస్ తేనెటీగల్ని పెంచుతాడని,
అకౌంట్స్ యొవీతకి విడాకులయ్యాయని,
సగం మందికి కొత్త అప్‌డేట్ అంటే
మనం ఇంట్లో లేనప్పుడు ఎవరో వచ్చి
వంటింటి డబ్బాలన్నీ సర్దిపోయినట్టుంటుందని.

కొత్త మిషనుకి పదకొండు సెకన్లు చాలు.
కప్పు పట్టుకుని ఎవరి కుర్చీకి వాళ్లం.

కౌనస్‌లో నవంబరు.
నేమునస్ మీది పొగమంచు కిటికీ దాకా వచ్చి
లోపల మా తెరల్ని చూసి వెనక్కి పోతుంది.
పొద్దున్నే నిలబడి మాట్లాడుకునే మీటింగు.
నిలబడితే తొందరగా తేలిపోతుందని కనిపెట్టినవాడికి
మా డొమాంతస్ తెలియదు.
"మనమంతా ఒకే కుటుంబం" అంటాడు.
ఏ కుటుంబంలో గంటల లెక్క షీటులో నింపుతారని
యొవీత గొణిగింది, నా చెవిలో కాదు, చాట్‌లో.

ఆ రోజు తెర మీద ఒక గీత చూపించాడు.
మా ఆటలో ఉత్తరపు రేవుంది.
దీవికి వెళ్లే పడవ నాలుగు నిమిషాలకొకసారి వస్తుంది.
పన్నెండేళ్ల కిందట ఎవరో వేసిన అంకె,
నాలుగే ఎందుకో ఎవరికీ గుర్తులేదు.
అక్కడ ఆటగాళ్లు ఏమీ చెయ్యరు.
చంపరు, కొనరు, గెలవరు.
"కారిపోతున్న కుళాయి ఇది" అన్నాడు డొమాంతస్.
టికెట్ నా పేరు మీదకొచ్చింది.
రెండు వందల నలభై తీసి సున్నా పెట్టాలి.
ఒక్క లైను.

నిజం చెప్పాలంటే నాకేం బాధ లేదు.
సాఫ్ట్‌వేర్ మీద మమకారం పెంచుకునే వయసు దాటాను.
మన తర్వాత వచ్చినవాడు తిట్టుకుంటూ చెరుపుతాడు,
మనమూ ఎవరినో తిట్టుకుంటూనే మొదలుపెట్టాం.

అయినా ఆ రాత్రి లాగిన్ అయ్యాను.
గొడ్డలి భుజాన వేసుకుని రేవులో నిలబడ్డాను.
పక్కన ఎర్ర టోపీ మంత్రగాడు.
మంత్రగాడు కాదు, జెనొవైతె అట,
క్లైపెడా ఓడరేవులో ముప్పై ఏళ్లు క్రేన్ నడిపిందట,
మోకాలికి ఆపరేషనయిందట.
"ఆటా? ఆట నాకేం వచ్చు!
దీవిలో తోడేళ్లు. కాలు పెట్టగానే చస్తాను.
నేనొచ్చేది పడవ కోసం ఎదురుచూడ్డానికి."
ఉక్కు కవచం తొడుక్కున్న కుర్రాడొకడు
రేపటి కెమిస్ట్రీ పరీక్షలో ఏదో అడిగాడు.
ఆవిడకి రాదు. నాకూ రాదు.
ఎవరో డ్రాగన్ దిగి వచ్చి విడమర్చి చెప్పారు.
పడవొచ్చింది. మాట సగంలో ఉన్నవాళ్లు ఆగిపోయారు,
పూర్తయినవాళ్లు ఎక్కారు.

నేను చెప్పలేదు. ఏమని చెప్పను?
మర్నాడు పది పద్నాలుగుకి
సున్నా పెట్టేశాను.

వారం గడిచాక రిమ్‌విదస్ నా బల్ల దగ్గరికొచ్చాడు.
చేతిలో తేనె సీసా, ఎప్పటిదో బాకీ.
తను రాసిన బగ్ రిపోర్టు ఒకసారి చూడమన్నాడు:

చోటు: ఉత్తరపు రేవు.
జరగాల్సింది: పడవ సిద్ధంగా ఉంటుంది. ఆటగాడు ఎక్కుతాడు.
జరుగుతున్నది: పడవ సిద్ధంగా ఉంటుంది.
డెబ్భై మంది ఒడ్డునే ఉంటున్నారు,
పడవకి వీపు పెట్టి కూర్చుంటున్నారు.
తీవ్రత:

అక్కడ ఖాళీ వదిలేశాడు.
"ఏం రాయమంటావు?"

నాకు తోచలేదు.
ఇద్దరం లేచి కాఫీకి వెళ్లాం.
పదకొండు సెకన్లు. కప్పులు నిండాయి.
మిషను పక్కనే నిలబడిపోయాం,
చలికి తేనెటీగలన్నీ ముద్దగా చేరి
బయటి వరసవి లోపలికి, లోపలివి బయటికి
ఎలా మారుతుంటాయో అతను చెబుతుంటే.
యొవీత ఖాళీ కప్పుతో వచ్చింది.
దారివ్వబోతే
"తొందరేం లేదు" అంది.