ఖాళీ బండి బరువు

చీమకుర్తి కాటా దగ్గర నాది రాత్రి డ్యూటీ.
రాయి ఎక్కిన లారీ ఒకసారి, దించొచ్చిన లారీ ఒకసారి,
మధ్య తేడా రాసి చీటీ చింపిస్తా.
పదకొండేళ్లుగా తీసివేతలే నా కూడు.

కూర్చున్న కుర్చీలోనే
బొడ్డు కింద ఓ మడత మొలిచింది.
నడిస్తే పోలేదు, రాత్రన్నం మానినా పోలేదు,
రంపానికి లొంగని రాయి.

ఒంగోలు నుంచి డబ్బా తెప్పించా.
అరవై గోళీలు, రెండువేల ఎనిమిదొందలు,
మూత మీద మంట బొమ్మ.
"కొవ్వు కరిగిపోద్దన్నా" అన్నాడు జిమ్ము కుర్రాడు శ్యాంసన్.
వాడికి కరగడానికి ఏముంది గనక!

మొదటి వారమే
గుండె డీజిలింజను మాదిరి కొట్టుకుంది.
చెమటలు. పగలు పడుకుందామంటే రెప్ప వాలదు.
డబ్బా తగ్గింది, నిద్ర తగ్గింది,
మడత అట్టనే ఉంది.

నిన్న తెల్లారుజామున మూడింటికి,
క్వారీ దుమ్ము అణిగాక,
ఎవరూ లేరు గదాని కాటా ఎక్కి నిలబడ్డా.
ఎర్రంకెలు వెలిగాయి: ఎనభై.
దిగి, చెంబెడు నీళ్లు తాగి ఎక్కినా ఎనభయ్యే.
ఇరవై కిలోల లోపు మాట దాని చెవికెక్కదు.
నలభై టన్నులు మోసేదానికి
నా మడతొక లెక్కా?

వెనకాల హారను.
పొదిలి మస్తాన్‌వలి తల బయటపెట్టి
"లోడా, ఖాళీనా అన్నా?" అన్నాడు.
నవ్వొచ్చింది. నాతోపాటు మడతా ఊగింది.

డబ్బాలో ఇంకా పద్నాలుగున్నాయి.
పారేద్దామంటే చెయ్యి రాదు,
ఒక్కోటీ నలభై ఆరు రూపాయల పైచిల్లర.