పద్దెనిమిదో వరస

ముందు ప్రశ్న రాసి తాళం వేశాం.
ఆసుపత్రి వార్డులో రాత్రంతా చిన్న దీపం వెలిగితే
ముసలివాళ్లు పడిపోవడం తగ్గుతుందా?
అంతే.
జవాబు నచ్చలేదని రేపు ప్రశ్నని వంచకుండా
హెల్దుర్ ఆ కాగితాన్ని తలుపుకి అతికించాడు.

లైబ్రేరియన్ యూటా మూడు రోజులు మాటలు పోగేసింది.
పడటం, జారటం, తూలటం, ఒరిగిపోవటం.
ఒక్క మాట మరిచినా
ఎక్కడో ఒక వార్డు మొత్తం మన లెక్కకి అందదంది.
వల లాగితే నాలుగు వేల రెండు వందల పదకొండు.
అందులో ఒకే బిడ్డ
మూడు పత్రికల్లో మూడు పేర్లతో.

టార్టులో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
కిటికీ అవతల ఎమయొగి నది గడ్డకడుతోంది.
వీపుకి వీపు ఆనించి కూర్చుని
ఒకరి తెర ఒకరం చూడకుండా చెరిగాం.
తాలు, తాలు, గింజ, తాలు.
ఒకటి ఎంత బాగా రాశారో!
పోల్చడానికి రెండో వార్డు లేదు.
తీసేశాను. కారణం రాశాను.
"ఎందుకో నచ్చలేదు" అన్నది కారణం కాదు,
"చాలా నచ్చింది" అన్నదీ కాదు.

రెండు వందల పన్నెండో కాగితం దగ్గర
అతను ఉంచాలన్నాడు, నేను వద్దన్నాను.
రెండు రోజులు కాఫీ విడివిడిగా తాగాం.
బూట్లకి మంచుతో విర్వె వచ్చింది, మా ఇద్దరికీ మూడో మనిషి.
"మీ నియమం చదవండి, మీ మొహాలు కాదు" అని వెళ్లిపోయింది.

మిగిలినవి పదిహేడు.
అన్నీ చిన్నవి. అన్నీ సంతోషంగా ఉన్నాయి.
చుక్కలు పెడితే గరాటు ఒక పక్కకే ఒరిగింది,
కుడి అడుగున ఖాళీ,
పన్ను ఊడిన చోటికి నాలుక పోయినట్టు
చూపు అక్కడికే పోతోంది.
ఇరవై తొమ్మిది ఉత్తరాలు రాశాం.
ఆరు జవాబులు. ఒకటి, ఆయన లేరని.

పిల్లిని చంకన పెట్టుకుని ఊరంతా వెతికామని
గురువారం తెలిసింది.
మోకాలు చూపించుకోవడానికి వచ్చే పాత నర్సు అలీదె
రెండంతస్తుల కింద బీరువాలోంచి
నీలం అట్ట చిట్టా తెచ్చింది.
పదకొండు నెలలు, రెండు వార్డులు, సొంత దస్తూరీ.
దీపం ఉన్నచోట పడ్డవాళ్లు ఇరవై మూడు.
లేనిచోట ఇరవై రెండు.
"అచ్చుకి ఎందుకు పంపలేదు?"
"తేడా లేదుగా అమ్మా. లేనిదాన్ని ఎవరు వేస్తారు?"

పద్దెనిమిదో వరస చేర్చాను.
తెర మీద వజ్రం కొంచెం జరిగి
నిట్టనిలువు గీతని తాకింది.
హెల్దుర్ కళ్లద్దాలు తీసి తుడిచాడు, అవి మురికిగా లేవు.

కోటు బొత్తాలు పెట్టుకుంటూ అలీదె అడిగింది:
"దీపం వార్డులో రాత్రిళ్లు గంట తక్కువ మోగేది.
ఎవరూ ఊరికే పిలిచేవాళ్లు కాదు.
అది ఎక్కడ రాశారు?"

దానికి మా దగ్గర గడి లేదు.

చివరి పేజీలో, ఇంకా తెలియనివాటి కింద,
ఒక వాక్యం పెట్టాను.
హెల్దుర్ రెండుసార్లు కొట్టేశాడు.
మూడోసారి
కామా ఒక్కటి సరిచేసి వదిలేశాడు.