మబ్బులో పద్దు

మొదటి మాటే తప్పుగా అన్నాను.
సోంపేటలో, గౌరీ సప్లయర్స్ షెడ్డు గుమ్మంలో,
ఫోను పైకెత్తి చూపించి
"ఇకమీదట మీ లెక్కలు మబ్బులో ఉంటాయి" అని.

దండాసి బురద పట్టిన కుర్చీలు
ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ తలెత్తలేదు.
"నా పద్దుపుస్తకం పట్టుకెల్లింది మబ్బే కదమ్మా.
మల్లీ దాని సేతికేనా?"

నిజమే.
ఆ తుఫాను రాత్రి నేనూ ఈ ఊళ్లోనే ఉన్నాను.
కొబ్బరి మొవ్వులు మెలితిప్పి,
జీడితోటలు వేళ్లతో పెళ్లగించి,
ఈ షెడ్డు రేకులు పేకముక్కల్లా పంచిపెట్టి,
పన్నెండేళ్ల బాకీలు నానేసి
నీలం సిరా పిండేసి పోయింది.

మాట మార్చుకున్నాను.
మబ్బు కాదండీ, పేరు అలా పెట్టారంతే.
ఉన్నది నేల మీదే.
ఎక్కడో ఓ పెద్ద షెడ్డు, మీ షెడ్డుకి వెయ్యింతలు.
లోపల బీరువాల వరసలు,
బీరువా నిండా కంప్యూటర్లు,
వాటికి చెమట పట్టకుండా పగలూ రాత్రీ చల్లగాలి,
కరెంటు పోతే జనరేటరు, గేటు దగ్గర కాపలా.
మీరిక్కడ ఫోన్లో ఒక అంకె నొక్కితే
నేల కింద వెంట్రుకంత గాజుతీగలో
వెలుతురై పోయి అక్కడ కూర్చుంటుంది.
కంప్యూటరు మీది కాదు. చోటు అద్దెకి.

అద్దె అనగానే తలెత్తాడు.
"ఓస్, సప్లయి కంపెనీయా!"

ఆ తరవాత పాఠం నేను చెప్పలేదు.

"బారువలో పెళ్లికి అయిదొందల కుర్సీలు.
తెల్లారితే ఆ ఇంటికి నాలుగు సాలు.
అయిదొందలూ కొనుక్కుని ఏటి సేసుకుంటాడు,
కోళ్లని కూకోబెడతాడా?
రాత్రి పదికి ఫోను సేసి
జనం ఎక్కువొచ్చీసినారంటే ఇంకో వంద తోల్తాను.
పందిరి ఖాళీ అయితే తెచ్చీసుకుంటాను.
ఎన్ని కుర్సీలు, ఎన్ని పూటలు, అంతే డబ్బులు.

ఒకడు గుండిగలిస్తే సాలంటాడు, మిగతాదంతా ఆడే సూసుకుంటాడు.
ఒకడికి పొయ్యీ గేసూ గరిటెలూ అమర్చీయాల,
ఆడు సరుకు తెచ్చి వండుకుంటాడు.
ఇంకొకడు ఇస్తరి ముందు కూకుంటాడు, వడ్డించీయమని."

నా సంచిలోని పుస్తకంలో ఆ మూడు రకాలకీ
నోరు తిరగని మూడు పేర్లున్నాయి.
సంచి తెరవలేదు.

"మరా షెడ్డు మీదికి మబ్బొస్తే?"

అందుకే నకళ్లండీ. ఒకే పద్దు మూడు ఊళ్లలో.
ఒక ఊరు మునిగినా
మిగతా రెండూళ్లూ చెబుతాయి.

చేతిలో కుర్చీ అలాగే ఉండిపోయింది.

"తుఫానెల్లిన తొమ్మిదోనాడు
బెజ్జిపుట్టుగ నుంచి తవిటమ్మొచ్చింది.
జీడిరసానికి నల్లబడిన ఏళ్లతో
మూడొందల నలబై లెక్కెట్టింది.
మనవడి పుట్టెంట్రుకల నాటి గుండిగల అద్దె.
నాను మర్సిపోనాను. ఆవిడికి గుర్తున్నాది.
ఆ ఎనక ఇంకొకడు. ఇంకొకడు.
పుస్తకమైతే నా కాడ ఒకటే గానీ
పద్దు ఆళ్లందరి కాడా ఉన్నాది."
కాసేపాగి నవ్వాడు.
"నలబై ఏల కంట్రాక్టరు నకలొకటే
ఇప్పటికీ దొరకనేదు."

తాళం సంగతి చెప్పాను.
షెడ్డు గోడలు వాళ్లు కాస్తారు,
తాళంచెవి మాత్రం మీరే కాచుకోవాలి.
కుర్చీల వీపు మీద పేరు రాసినట్టు
పాస్‌వర్డు గోడ మీద రాయొద్దన్నాను.
అప్పటికే సుద్దముక్క తీశాడు.

"అద్దె కట్టలేని నెల?"

గడువిస్తారు. తరవాత ఆపేస్తారు.

"సావింట్లో కట్టిన టెంటు
డబ్బుల్లేవని నానెప్పుడూ విప్పనేదమ్మా."

దీనికి నా దగ్గర పాఠం లేదు.

సిగ్నలు ఒక్క గీత.
బొటనవేలితో వెతుక్కుంటూ మొదటి వరస కొట్టాడు.
తవిటమ్మ. బాకీ లేదు.
చక్రం తిరిగింది, తిరిగింది,
రోడ్డు మీద ఇచ్ఛాపురం బస్సు వెళ్లిపోయింది,
ఇంకా తిరిగింది.
టిక్కు పడింది.

నేను బండి తీస్తుంటే
కొత్త నోటుపుస్తకం పాలిథిన్ సంచిలో చుట్టి
నిచ్చెనెక్కి దూలానికి కడుతున్నాడు.
"నాలుగో నకలు" అన్నాడు పైనుంచి.