అసలు

ముప్పై రెండేళ్ళు రేవులో టాలీ గుమాస్తాని.
ఊళ్ళవాళ్ళ సరుకు లెక్కపెట్టాను:
మాంగనీసు, ఎరువు, గోధుమ బస్తాలు.
ఒక్కటీ నాది కాదు.
ఇప్పుడు రసీదు పుస్తకం చంకన పెట్టుకుని
వన్‌టౌన్ సందుల్లో తిరుగుతున్నాను.
ఇదీ నాది కాదు.

ఇరవై లక్షలు కావాలి, అంటాను.
దేనికండీ?
మా మున్సిపల్ బడిలో
శనివారం మధ్యాహ్నాలకి.

పాఠ్యపుస్తకంలో లేని మధ్యాహ్నాలు అవి.
సముద్రపు నీటిచుక్కలో ఈదే ప్రాణుల్ని చూడ్డం,
లైట్‌హౌసు ఎక్కకుండానే దాని ఎత్తు కొలవడం,
చదరంగం, సొంతంగా రాసుకున్న నాటకం,
ఏడాదికోసారి రైలెక్కి బొర్రా గుహల దాకా.

ఇంతకుముందు ఎవరూ ఇవ్వలేదని కాదు.
టెలిస్కోపు ఇచ్చారొకరు.
అద్దానికి బూజు పట్టింది,
తుడిపించడానికి పద్దు లేదు.
కంప్యూటర్లు ఇచ్చారింకొకరు.
హుద్‌హుద్ నాడు పైకప్పు వాటి మీదే కూలింది.
దాతల పేర్లున్న రాయి మాత్రం
చెక్కు చెదరలేదు.
ఉప్పుగాలి ఊరిది.
ఒక్కసారి ఇచ్చి ఊరుకున్నదేదైనా
తుప్పుకి ఇచ్చినట్టే.

అందుకే, అసలు ముట్టుకోం, అని చెబుతాను.
అది బ్యాంకులో ఉంటుంది. వడ్డీ మాత్రమే ఖర్చు.
ఇక్కడే అందరూ తల గోక్కుంటారు.
పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయల గెంబలి సత్యలింగం
కాటా మీంచి చెయ్యి తియ్యకుండానే అన్నాడు:
"ఖర్చుపెట్టని డబ్బుకి చందా ఏటండీ బాబూ!"
మా బళ్ళోనే చదివి కాంట్రాక్టరైన కుర్రాడు
నా పేరు ఏ గోడ మీదుంటుంది, అన్నాడు.
గోడ లేదు నాయనా.
అయితే చూద్దాం, మాస్టారూ.
నేను మాస్టార్ని కాదు, అని చెప్పలేదు.
చూద్దాం అన్నవాళ్ళకి వేరే పుస్తకం పెట్టాను.
అదే ముందు నిండింది.

వేట ఆపేసిన వేసవిలో ఓ పొద్దున
ఫిషింగ్ హార్బరుకి వెళ్ళాను.
మరబోట్లు ఒకదానికొకటి కట్టేసి ఉన్నాయి,
బడికి సెలవిచ్చిన బెంచీల్లాగ.
ఎండుచేపల తట్ట ముందు మైలపల్లి పరదేశమ్మ
ఈగల్ని తోలుతూ మొత్తం విన్నది.
మనవరాలు మా బళ్ళోనే, ఎనిమిది.

"అంటే," అంది,
"రెండు నెల్లు సంద్రాన్ని ముట్టుకోం గదా,
తల్లిచేప గుడ్లెట్టాలని.
పొయ్యి ఎలగకపోయినా ముట్టుకోం.
అలాటిదేటి?"

ఆడిటరు రాసిచ్చిన రెండు పేజీల కరపత్రం
మడిచి జేబులో పెట్టుకున్నాను.
"అలాటిదే."

"మరి రేత్రిపూట దొంగేటకెళ్ళేవోళ్ళు?"

ఈ ప్రశ్న సత్యలింగం అడగలేదు,
కాంట్రాక్టరు అడగలేదు.
ముగ్గురి సంతకాలుంటే గాని పైసా కదలదు, అన్నాను.
"మూడు సాలవు. నాలుగోది నాది ఎట్టు.
ఏలుముద్రే. అయితే ఏటి?"
తక్కెడ కింది డబ్బాలోంచి రెండొందలు తీసింది.
"మిగతాది సంద్రం తెరిసాక."

కమిటీలో దీనిమీద రెండు గంటలు గొడవ.
ముద్ర నిలిచింది.

బ్యాంకులో క్యాషియరు
ఆ నోట్లని కొంచెం దూరంగా పట్టుకుని లెక్కపెట్టాడు.
పక్క కౌంటర్లో అమ్మాయి అడిగింది,
"డిపాజిట్టు ఎన్నేళ్ళకి?"
ఎప్పటికీ, అన్నాను.
"ఆ గడి లేదండీ ఫారంలో. పదేళ్ళే పెద్దది."
పదేళ్ళు వేశాను.
గడువు తీరితే మళ్ళీ అందులోనే, అన్నచోట
టిక్కు పెట్టాను, కొంచెం గట్టిగా,
కింద కార్బన్ కాగితం ఉన్నట్టు.
నాకిప్పుడు డెబ్బై ఒకటి.

ఇంకా పదమూడు లక్షల నలభై వేలు తక్కువ.
రేపు మళ్ళీ పూర్ణా మార్కెట్.
సత్యలింగానికి తల్లిచేప సంగతి చెబుదామంటే
ఆయన నీచు ముట్టడు.
విత్తనపు ఉల్లితో మొదలుపెడతాను.