గంట లేని సైకిల్

హన్మకొండ దాటినంక లారీల రోడ్డు ఇడిచిపెట్టి
కాలువకట్ట పట్టినం, నేనూ ఓదెలూ.
చెయిను చప్పుడు తప్ప మాటల్లేవు.
పత్తిచేలల్ల మంచు ఇంకా దిగలే,
టైరు కింద ఎర్రమొరం పటపట.

సప్పుడు లేని దారులే ఏరుకుంటం మేం.
పోయిన ఆదివారం మట్టికోట చుట్టూ తిరిగినం;
కోట అని చెప్తే తప్ప కంటికి తెల్వది,
ఎక్కేటప్పుడు తొడలకు తెలుస్తది.

ఈసారి బురుజు.
సగం కూలింది. తుపాకి రంధ్రాలల్ల చిలుకల కాపురం.
నీడకు సైకిళ్లు ఆనిస్తే
గొర్లు కాసే కొంరెల్లి తాత వచ్చి
నా హ్యాండిలు తట్టి చూసిండు,
అంగట్ల బర్రె కొమ్ము తట్టినట్టు.

"మా నాయిన ఇగో ఈడ, పిడి ఊడదీసి
గొట్టంల చీటీ చుట్టి పెట్టేటోడు.
రజాకార్ల జమానా.
రాత్రిపూట ఊరికీ ఊరికీ నడుమ తొక్కుడే.
దీపం లేదు. గంట పీకేసిండు.
చెయినుకు ఆముదం."

"దొరికిండా?"

"దొరకలే.
ఒకనాడు పొయ్యేసరికి
చీటీ చదివేటోళ్లు లేరు."

అంతే. గొర్రె ఒకటి పక్కచేన్ల పడ్డదని
దాన్ని తిట్టుకుంట పోయిండు.
ఓదెలు నీళ్లసీసా మూత తీసి
తాగకుండనే మళ్ల పెట్టిండు.

మళ్లొచ్చేటప్పుడు నడిబాటల పోరగాళ్లు, గోళీలాట.
బొటనవేలు గంట మీదికి పోయి ఆగింది.
దిగి, పక్కపొంటి నడిపించుకుంట పోతుంటే
ఒకడు తలెత్తి,
"బెల్లు కొట్టరాదు సార్?" అన్నడు.

కొట్టిన.
ఇంకోసారి కొట్టమన్నడు.