పచ్చ ట్యూబులు

ఇల్డమ్మ రంగుల పెట్టెలో
పచ్చ ట్యూబులు మూడు.
మూడింటికీ మూత తీసిన పాపాన పోలేదు.
మట్టిరంగుది మాత్రం
వచ్చిన మొదటి ఎండాకాలానికే
పిండి పిండి, తోకదాకా చుట్టి,
కడాకు కత్తెరతో కోసి గీకింది.

జమ్మలమడుగు అట్లాంటిది మరి.
పెన్నలో నీళ్లు చూపించమంటే
చెలమ తవ్వి చూపించాల.

అసలు పేరు హిల్డా క్రాన్‌స్టన్.
అంత పేరుకు నోరు తిరగక మా అవ్వ
ఇల్డమ్మ అనింది. అదే నిలిచింది,
మిషను బడి రిజిస్టరులో తప్ప.

పొద్దున ఆరింటికి గంట కొట్టేది మా నాయన యోనా.
అప్పటికే ఆయమ్మ బావిగట్టున నిలబడి
వేపపుల్ల నములుతాండేది.
ఆనక ప్రార్థన, ఆనక ఎక్కాలు,
గజ్జి పిల్లోల్లకు గంధకం పూత,
మధ్యాన్నం జొన్నసంగటి, చెనిక్కాయల ఊరిబిండి.
కండ్లెంట నీళ్లు కారతాన్నా
"బాగున్నది, బాగున్నది" అని ఇంకో ముద్ద.

మునిషీ నేర్పిన తెలుగు ఆయమ్మది.
మొదటిరోజు మమ్మల్ని చూసి
"బాలకులారా, ఆసీనులు కండు" అనింది.
ఎవరూ కూర్చోలేదు.
శాపం పెట్టిందేమో అనుకున్నాం.
నాలుగేండ్లకు అదే నోటితో
"గోడ దుంకి యాడికి పోతివిరా ఏలీయా!" అని
ఏటి అవతలికి వినపడేట్టు అరిస్తే
మా నాయన సుత్తి కిందపెట్టి నవ్వినాడు.

ఆదివారం గుడి వదిలినాక బొమ్మలు.
గనికాడ ఏరుకొచ్చిన నాపరాయి ముక్క,
నున్నగా రుద్ది, దానిమీద రంగులు కలిపేది.
నా పని నీళ్ల గ్లాసు పట్టుకోవడం.
మురికైతే పారబోసి కొత్తవి.
మూడోసారి పారబోస్తాంటే అవ్వ చూసింది.
"కడివెడు నీళ్లకు కోసుదూరం నడిచేది నేను,
బొమ్మలకు తాపుతాండావా?"
తిట్టింది నన్నే. తగిలింది ఆయమ్మకు.
ఆపొద్దు నుంచి ఒకటే గ్లాసు,
పొద్దు గూకేదాకా.
అందుకే ఇల్డమ్మ గీసిన ఆకాశాలన్నీ
కొంచెం బురదగా ఉంటాయి.
తెలిసినోళ్లు దాన్ని శైలి అంటారేమో.

ఒకనాడు అవ్వే వచ్చి అడిగింది:
"నా బిడ్డ సంతోషమ్మను గీయి, చూస్తా."
చచ్చిపోయి పదేండ్లు. ఫోటో లేదు.
అవ్వ చెప్తాపోయింది.
ముక్కు మా వంశానిది కాదు, వాళ్ల నాయనది.
ఎడమ కనుబొమ్మలో గాటు.
నవ్వితే పైపెదవి పంటికి తట్టుకునేది.
రవిక ఏ రంగని అడిగితే మాత్రం
అవ్వ నోరు తెరిచి, మళ్లీ మూసింది.
గీసి, తుడిచి, గీసి, మూడు ఆదివారాలు.
అవ్వ ఆ కాగితాన్ని ఎండకు పట్టి చూసి
"ఇది నా బిడ్డ కాదు" అనింది.
పోతాపోతా వెనక్కి తిరిగి
"ఎవురో పాప. ఉండనీలే, మా ఇంట్లో" అని
కొంగులో చుట్టుకోని పోయింది.

ఆ రాత్రి బంగ్లాలో దీపం ఆరలేదు.
ప్రార్థన చేసిందో, ఏడ్చిందో,
సముద్రాల అవతలున్న అక్కకు జాబు రాసిందో
నాకు తెలీదు.
పొద్దున మాత్రం ఏడో ఎక్కం తప్పు చెప్పిందని
పిల్లోల్లు నవ్వినారు.

పోయేటప్పుడు పెట్టె నాకిచ్చింది.
నేను ప్రొద్దుటూరులో లారీల వెనక
"హారన్ కొట్టుము" రాసి బతుకుతాండా.
డబ్బాల్లో పచ్చరంగు కావలసినంత.
మొన్న ఎందుకో పెట్టె తెరిచినా.
మూడు ట్యూబులూ రాళ్లయిపోయినాయి.
ఒకదాన్ని బ్లేడుతో కోస్తే
నడిమధ్యలో, గోరంత,
ఇంకా మెత్తగా ఉండాది.

వేలికి అంటింది. యాడ తుడవాల్నో తెలీలేదు.
గోడమీది ఆ ఎవురో పాపకు
రవిక చేతిమీద పూసినా.
అవ్వ ఉండింటే దగ్గరికొచ్చి చూసి
ఒకటే అడిగేది:
"నీళ్లు పోయలేదు గదా?"